వంట బోగీలో పొగ

గద్వాల,
జూన్ మొదటి వారం.

చెల్లె సరితకు,

డబ్బా తెరిచేటప్పుడు కత్తెరతోని పొడవకు. పైన పాత పేపర్లు, పేపర్ల కింద దూది, దూది కింద నా బొమ్మ రైలు బోగీలు నాలుగు పండుకొని ఉన్నయి. రెండు స్లీపర్లు, ఒకటి జనరల్, ఒకటి వంట బోగీ. ఒక్కోటి జానెడు పొడుగు. కప్పులు గోరుతోని మెల్లగ లేపితే వస్తయి. కిటికీ చువ్వలకు గడియారాల స్ప్రింగులు సాగదీసి పెట్టిన. ఈ రోజుల్ల గడియారం రిపేరుకు ఎవడు తెస్తుండు? సెల్లు చూసి టైం చెప్తరు. దుకాణంల ఖాళీ చేతులు ఊకుండవు గద, బోగీలు చేస్కుంట కూసున్న.

ఇంగ నీ పని. దీపాలు అన్ని ఒక్కసారి వెలగొద్దు. నిజం బండిల ఎట్లుంటది? ట్యూబులైటు రెండుమూడు సార్లు కొట్టుకొని అప్పుడు నిలబడ్తది. మనుషులు పండుకునే యాళ్లకు తెల్ల దీపాలు ఆరిపోయి నీలం దీపం మిగులుతది. ఆఖరి బోగీ ఎనుక ఎర్ర దీపం ఆరుకుంట వెలుగుకుంట పోవాలె. అన్నిటికన్న ముఖ్యం వంట బోగీ. కప్పు మీద పొగగొట్టాలు పెట్టిన చూడు, వాటిలకెల్లి సన్నగ పొగ లేవాలె. పెద్ద బండి గద్వాల స్టేషన్ల ఆగితే వంట బోగీల ఉల్లిగడ్డ వేగే వాసన ప్లాట్‌ఫారం దాక వస్తుండె. వాసన నువ్వు తెప్పియ్యలేవు, పొగన్న తెప్పియ్యి.

డిసెంబర్ల వనపర్తిల సైన్సు మేళా ఉన్నదట. కాలేజీ సార్లు దుకాణానికొచ్చి బండి పెట్టమని అడిగిపోయిండ్రు. గద్వాలల నన్ను చెవిటి భాస్కర్ అంటరు. వనపర్తిలన్న రైలు భాస్కర్ అనిపించుకోవాలె.

ఫోన్ చెయ్యకు. గవదబిళ్లలతోని పోయిన చెవులు ఫోన్ల ఇంకింత పోతయి. ఎదురుంగుంటే పెదవులు చూసి పట్టుకుంట, ఫోన్ల పెదవులు యాడికెల్లి వస్తయి? వాట్సప్‌ల ముక్కలు ముక్కలు రాస్తే ఎక్కదు. ఎప్పటి లెక్కనే కాగితం మీద రాయి, బల్ల మీద పెట్టుకొని చేస్కుంట.

అమ్మ బాగుంది. మీ వదిన గీత అంగన్‌వాడీల పిల్లలకు గుడ్లు ఉడకబెట్టుకుంట బాగుంది.

నీ అన్న,
భాస్కర్


నాగర్‌కర్నూల్,
జూలై.

అన్నకు,

మా ఊరికి రైలు లేదు గని నా బల్ల మీదికి వచ్చింది. ఐటీఐల మా పోరగాళ్లకు చూపిస్తే, మేడం ఇది ఎవరు చేసిండ్రు అని ఒకటే అడుగుడు. మా అన్న అని చెప్పి కాలరెగరేసిన.

నాలుగు బోగీలల్ల బుల్లి కరెంటు బోర్డులు పెట్టిన. జర ఓపికతో సదువు. పట్టాల మీద ఉత్త కరెంటే కాదు, హుకుం గూడ పోతది. ఒక్కో బోగీకి ఒక్కో నంబర్ ఇచ్చిన. సెల్లు నుంచి ఆ నంబర్ పిలిచి, దీపం ఎలిగియ్యి అంటే ఆ బోగీ ఒక్కటే పలుకుతది, తక్కినయి ఊకుంటయి. నీ లెక్క కాదు, పిలిస్తే పలుకుతది! ట్యూబులైటు కొట్టుకునుడు, నీలం దీపం, ఎర్ర దీపం అన్ని అందులనే రాసిన. నల్ల డబ్బా ఒకటి పంపుతున్న, అది సెల్లు మాట పట్టాలకు చెప్తది. దాన్ని నెట్టుకు కలుపాలె. పక్క దుకాణం ఫకీర్ అన్న సెల్లులు బాగుచేస్తడు గద, ఆయన కలిపిస్తడు.

వంట బోగీల వేలి గోరంత గిన్నె ఉన్నది. దాంట్ల వేడి తీగ, పక్కన బుల్లి ఫ్యాను. సీసాల పంపిన నూనె రెండు చుక్కలు పొయ్యి, పొగ వస్తది. నూనె లేకుండ ఎలిగిస్తే గిన్నె మాడి బోగీ కాలిపోతది. యాది పెట్టుకో అన్నా. పొగ ఆడుతున్నప్పుడు అక్కడికెల్లి లేవకు.

సరిత


గద్వాల,
జూలై ఆఖరు.

చెల్లె,

వెలిగింది!

సాయంత్రం కిటికీలు మూసి అమ్మను, గీతను, ఫకీర్‌ను కూసోబెట్టిన. ఫకీర్ తన దుకాణం నెట్టుకే నల్ల డబ్బా కలిపి, సెల్లు నా చేతిలకు ఇచ్చిండు. నంబర్ కొట్టిన. స్లీపర్ల ట్యూబులైటు కొట్టుకున్నది, ఆరింది, మళ్ల కొట్టుకున్నది, నిలబడ్డది. అమ్మ మొహం బోగీ కాడ పెట్టి, లోపల మనుషులు లేరేందిరా, పాపం ఉత్త బండి పోతున్నది అన్నది. వంట బోగీ కప్పు మీదికెల్లి పొగ ఎట్ల లేసిందంటే, పొద్దుగాల చలిల నోట్లకెల్లి ఆవిరి వచ్చినట్టు. ఫకీర్ లేసి నన్ను అలుముకున్నడు. ఒకటే బజార్ల ఇరవై ఏండ్లసంది ఉన్నం గని గట్ల ఎన్నడు అలుముకోలే.

ఒక్క మాట. నిన్న అన్ని బంద్ చేసి బండి మీద గుడ్డ కప్పుతుంటే వాసన వచ్చింది. నూనె వాసన కాదు. రబ్బరు కాలినట్టు, ఎంటికలు కాలినట్టు. వంట బోగీ ముట్టి చూస్తే చల్లగున్నది. జరసేపట్ల పోయింది. ఏమై ఉంటది?

భాస్కర్


నాగర్‌కర్నూల్,
ఆగస్టు.

అన్నా,

సంబరం సదివి రెండుసార్లు ఏడ్చిన. అమ్మకు చెప్పు, మనుషుల బొమ్మలు గూడ కూసోబెడ్దం.

వాసన సంగతి. కొత్త తీగ మీద పూత ఉంటది, మొదట్ల కాలి వాసన వస్తది. అది కాకుంటే టంకం సరిగ పడక యాడన్న వైరు తాకుతుండొచ్చు. గిన్నె ఇప్పి దూదితోని తుడువు. బంద్ చేసినంక ప్లగ్గు గూడ పీకు. ప్లగ్గు పీకినంక గూడ వాసన వస్తే ఎంబడే రాయి.

సరిత


గద్వాల,
ఆగస్టు ఆఖరు.

సరితా,

ప్లగ్గు పీకిన. తుడిచిన. టంకం అంతా భూతద్దం పెట్టి చూసిన. అయినా వస్తుంది.

నీకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. వాసన ముందు రాదు, ముందు భయం వస్తది. ఊకనే కూసుంటే కడుపులకెల్లి ఏదో లేసి గొంతుల దాక ఎక్కుతది, లిఫ్టు లేసినట్టు. ఏదో కాబోతుందని తెలుస్తది, ఏందో తెల్వదు. దాని ఎనుక పొగ వాసన. అప్పుడు ఈ దుకాణం, ఈ బల్ల, ఈ బండి అన్ని ఇంతకుముందు ఒకసారి కాలిపోయినయి, మళ్ల కాలుతయి అన్నట్టు అనిపిస్తది. నేను పిరికోన్ని కాదని నీకు తెలుసు.

ఇంకోటి. మొన్న బండి నడిపిస్తున్న. బల్ల మీద చేసిన బొమ్మ స్టేషన్ కాడికి వస్తుంటే చూస్తున్న. కన్ను ఆర్పి చూసేవరకు బండి అట్ట సొరంగం అవతల ఉన్నది. నడుమ తిరిగిన పట్టా అంత నేను చూడలే. దీపాలు గూడ తెల్లయి పోయి నీలం అయినయి. నేను సెల్లు ముట్టలే.

నేను ముట్టకుంటే ఎవరు ముట్టిండ్రు? నెట్టు ఎవరిది? గోడ అవతల కూసునేది ఎవరు? నా బండి వనపర్తి పోతుందని తెలిసినసంది ఫకీర్ నా మొహంల మొహం పెట్టి చూస్తలేడు. నవ్వుతడు గని పెదవులు కదలకుండ మాట్లాడుతున్నడు, నాకు తెల్వొద్దని.

గీతకు చెప్పలే. చెప్పకు. అమ్మకు అసలే వద్దు.

భాస్కర్


నాగర్‌కర్నూల్,
సెప్టెంబర్.

అన్నా,

ఫకీర్ అన్న మీద అనుమానం పెట్టుకోకు. నువ్వు పడిపోయి కాలు ఇరిగినప్పుడు దవాఖానకు ఎత్తుకపోయింది ఎవరు? నల్ల డబ్బాకు తాళం మాట, అదే పాస్‌వర్డ్, మార్చే తీరు ఎనుక కాగితంల రాసిన. మార్చు. అప్పుడు ఆయనకే కాదు, నాకు గూడ దొరకదు.

వంట బోగీ నాకు పంపు. నా బల్ల మీద ఇప్పి, ముక్క ముక్క చూస్త. తప్పు బోగీల ఉంటే దొరకక యాడికి పోతది?

రాత్రి సరిగ పండుకుంటున్నవా? తింటున్నవా?

సరిత


గద్వాల,
సెప్టెంబర్.

వంట బోగీ పంపుతున్న. జాగ్రత్త.

తాళం మాట మార్చిన. ఇంగ లాభం లేదని ఫకీర్ దుకాణం నుంచి వచ్చే వైరు కటింగ్ ప్లయరుతోని కత్తిరించిన. బజార్ల అందరు చూసిండ్రు. చూడనీ. ఇంగ ఎట్ల ముడ్తడో నేను గూడ చూస్త.

భాస్కర్


నాగర్‌కర్నూల్,
సెప్టెంబర్ ఆఖరు.

అన్నా,

బోగీ అందింది. ల్యాబుల పొద్దటికెల్లి సాయంత్రం దాక ఆడించిన. పొగ పిలిచినప్పుడే వస్తుంది, బంద్ అంటే బంద్ అయితుంది. ఏ వైరు తాకలే, ఏదీ మాడలే. ఇంకొన్ని దినాలు నా కాడనే ఉండనీ. దసరా అయినంక నేనే తెస్త.

ఫకీర్ అన్న వైరు నువ్వే కలిపించు. నా మాట ఇను.

సరిత


గద్వాల,
అక్టోబర్.

చెల్లె,

మళ్ల వచ్చింది. ఈసారి గట్టిగ. పొద్దున చాయ పెట్టుకొని బల్ల కాడ కూసున్న. భయం లేసింది, ఎనుకనే పొగ. వంట బోగీకెల్లే. ఎంబడే బోగీ కప్పు మీద చెయ్యి పెట్టి చూసిన, చల్లగున్నది. చల్లగుండి పొగ ఎట్ల వస్తదే? ఆ గిన్నె పీకి పారేద్దమని కప్పు లేపబోతుంటే గీత వచ్చి భుజం మీద చెయ్యేసింది. మళ్ల ఏమైందో యాదికి లేదు. చాయ చల్లారిపోయి ఉన్నది.

ఇంట్ల మెయిన్ బంద్ చేసిన. అందరం ఆరుబయట పండుకుంటున్నం. అమ్మకు ఉక్కపోస్తుందని చెప్పిన. ఇల్లు కాలుతది సరితా. నాకు తెలుస్తుంది. ఎవరు నమ్మినా నమ్మకున్నా ఇల్లు కాలుతది. అమ్మ ఉరుకలేదు, ఎట్ల బయటికి తెస్త?

వంట బోగీని ఏం చెయ్యాల్నో చెప్పు.

భాస్కర్


నాగర్‌కర్నూల్,
అక్టోబర్.

వదినకు నమస్కారం,

అంగన్‌వాడీ అడ్రసుకు ఉత్తరం వచ్చిందని భయపడకు. ఫోన్ చేస్తే అన్న ఎదురుంగ ఉంటడు. చెవులు ఇనబడకున్నా నీ మొహం సదువుతడు. అందుకే గిట్ల రాస్తున్న. సదివి చింపెయ్యి.

అన్న రాసిన ఉత్తరం నిన్న అందింది, నా ముందర ఉన్నది. వంట బోగీకెల్లి పొగ వచ్చిందని, కప్పు మీద చెయ్యి పెట్టి చూసిననని రాసిండు. వదినా, ఆ వంట బోగీ గూడ నా ముందరనే ఉన్నది. సెప్టెంబర్‌సంది ఇక్కడనే ఉన్నది. అన్ననే పంపిండు. అది అక్కడ లేదు.

ఆయన దేని మీద చెయ్యి పెట్టిండు? పంపిన సంగతి ఎట్ల మరిచిపోయిండు? ఇన్ని దినాలు బోగీల తప్పు ఎతుకుతున్నం. తప్పు బోగీల లేదని నాకు భయమైతుంది.

దాచకుండ చెప్పు. నువ్వు చూసింది అంత చెప్పు. ఆయన ఒట్టు పెట్టించుకొని ఉంటే ఆ ఒట్టు నా మీద పడనీ.

సరిత


గద్వాల,
అక్టోబర్.

సరితా,

నీ ఉత్తరం అంగన్‌వాడీ పిల్లలు పండుకున్నంక సదివిన. చింపలేదు, పొయ్యిల ఏసిన.

ఒట్టు పెట్టించుకున్నది నిజమే. ఎవరికి చెప్పినా బల్ల మీది బండి పగలగొడ్త అన్నడు. ఎన్నడు నన్ను ఒక్క మాట అననోడు గట్ల అన్నడు. అందుకే ఊకున్న.

నేను చూసింది చెప్త. ఎండకాలంకెల్లే ఉన్నది. ఊకనే చూస్కుంట ఉంటడు, పిలిస్తే పలుకడు. చెవుల సంగతి తెలుసు గద, అందుకే మొదట్ల నేను పట్టించుకోలే. తర్వాత ఎదురుంగ పోయి నిలబడి మాట్లాడినా చూస్తలేడు. కండ్లు తెరిచే ఉంటయి, నన్ను చూడవు. నోట్ల ఏమి లేకున్నా నమిలినట్టు పెదవులు ఆడుతయి. చేతితోని అంగి గుండీ పిసుక్కుంట ఉంటడు. జరసేపటికి మనిషి వస్తడు. ఏమైంది అంటే ఏం కాలే అంటడు. ఆ పొద్దు బల్ల కాడ భుజం పట్టుకున్నప్పుడు గూడ గట్లనే ఉన్నడు. చెయ్యి జనరల్ బోగీ మీద ఉన్నది.

ఇది రాయాల్నా వద్దా అని ఇప్పటిదాక ఆలోచించిన. వినాయక చవితి దాటినంక ఒకనాడు టంకం పెట్టే కడ్డీ ఎడమ చెయ్యి మీద పెట్టుకొని అట్లనే కూసున్నడు. చర్మం కాలిన వాసన నాకు వచ్చింది, ఆయనకు రాలే. నేను గుంజి పారేసిన. తర్వాత పొక్కు చూసి, ఇదెప్పుడు అయ్యింది గీతా అని నన్నే అడిగిండు.

అత్తమ్మ గాలి సోకింది అన్నది. మల్దకల్ గుడికి పోయి మొక్కుకొని వచ్చినం. దారం కట్టించినం. నేను గూడ అదే నమ్మాలని చూసిన సరితా. దవాఖాన అంటే ఏం చెప్తరో అని భయం. దారం అయితే ఏం చెప్పదు గద.

ఫకీర్ అన్న వైరు తెగినా ఒక్క మాట అనలే. రోజు సాయంత్రం మా దుకాణం షెట్టర్ వేసిందాక తన దుకాణం మూస్తలేడు. ఆయన భార్య సుగ్రా బేగం నన్ను పక్కకు పిలిచి, నీ మొగుడు బాగలేడు, కోపం కాదు అది, బీమారి అన్నది. బయటోళ్లకు కనబడ్డది, నేను కండ్లు మూసుకున్న.

ఏం చేద్దమో చెప్పు. నాకు దినాం భయమైతుంది. ఆయన కూరగాయలకు పోయినా వచ్చిందాక వాకిట్లనే నిలబడ్తున్న.

గీత


నాగర్‌కర్నూల్,
అక్టోబర్ ఆఖరు.

అన్నా,

చిన్నప్పటికెల్లి నీ దగ్గర తిప్పి మాట్లాడలే, ఇప్పుడు గూడ మాట్లాడ.

వంట బోగీ నా కాడ ఉన్నది. ఇదే కవరుల ఫొటో పెట్టిన, పక్కన మా ఐటీఐ క్యాలెండర్ కనబడేటట్టు తీసిన. నువ్వు చెయ్యి పెట్టి చూసింది జనరల్ బోగీ. దాంట్ల పొగ గిన్నె లేదు. నూనె లేదు. నల్ల డబ్బాకు నెట్టే లేదు. మరి పొగ యాడికెల్లి వచ్చింది?

బోగీల తప్పు లేదన్నా. ఫకీర్ అన్నల తప్పు లేదు. ఇంట్ల వైర్లల్ల లేదు. పొగ వాసన వస్తున్నది నిజమే, నువ్వు అబద్ధం చెప్తలేవు. గని ఆ వాసన బయట పుడ్తలేదు. మా ఐటీఐకి పోరగాళ్లను చూడనీకి వచ్చే డాక్టర్ మేడంను అడిగిన, పేరు చెప్పకుండనే అడిగిన. తలకాయల ఒక తావున కరెంటు తప్పు పోతే గిట్లనే ఉంటదట. ముందు కడుపుల భయం లేస్తదట, ఎనుక కాలిన వాసన వస్తదట, నడుమ జరసేపు మనిషి ఉండి ఉండడట. నువ్వు రాసినయి రాసినట్టు ఆమె చెప్పింది. నీ ఉత్తరం సదివిందేమో అనుకున్న.

పిచ్చి కాదన్నా. గాలి కాదు. తలకాయ స్కానింగు ఫొటో తీసి చూడాలె. వనపర్తికి రా, అక్కడికెల్లి నేను ఎంబడి ఉంట, పట్నం పోదం, హైదరాబాద్ దవాఖానకు.

నాకు గూడ భయమే. నీ కన్న ఎక్కువ భయం.

సరిత


గద్వాల.

సరితకు,

మీ వదిన, నువ్వు కలిసి నా ఎనుక ఉత్తరాలు రాసుకుంటున్నరని తెలిసింది. మంచిది. నేను పిచ్చోన్ని కాదు. తలకాయల తప్పు అంటే లోకం ఏమంటదో నీకు తెల్వదు, చెవిటోడు అన్న మాట మోసినోన్ని నాకు తెలుసు. వనపర్తి మేళాకు నీ బోర్డులు అక్కర లేదు.

భాస్కర్


గద్వాల,
నవంబర్.

చెల్లె,

ముందటి ఉత్తరం చింపెయ్యి.

నిన్న పొద్దున ఏం చేసిననో చెప్త. గడియారం ఎనుక పడ్తుంటే ఏం చేస్తం? ఒక్కొక్క చక్రం తీసి పక్కకు పెట్టి, ఏది తీస్తే సరిగ నడుస్తదో చూస్తం. నేను గూడ గట్లనే చేద్దమనుకున్న. బండి అంత పెట్టెల పెట్టి తాళమేసిన. సెల్లు ఇంట్ల పెట్టిన. బస్సెక్కి అయిజ తొవ్వల నడుమ దిగిన. పత్తి ఏరేసిన చేన్ల నడుమ, కరెంటు స్తంభం గూడ లేని కాడ గట్టు మీద పోయి కూసున్న. చుట్టు ఎర్ర మన్ను. గాలి నాకు ఎదురుగ కొడ్తుంది. చేన్ల ఎవరు మంట పెట్టలే, లేసి నాలుగు దిక్కులు చూసుకున్న.

రాకుంటే నీదే తప్పు, నా ఇంట్లనే ఏదో ఉన్నది అని రాస్త అనుకున్న. రావొద్దు రావొద్దు అనుకుంట కూసున్న. వస్తే ఇల్లు కాలదు గని నేను కాలుత. రాకుంటే ఇల్లు కాలుతది. ఏది కావాలని మొక్కాలె?

వచ్చింది సరితా. కడుపులకెల్లి లేసింది. ఎంటికలు కాలిన వాసన. ఉత్త మన్ను మీద, ఉత్త ఆకాశం కింద. మళ్ల తెలివొచ్చేవరకు చేన్ల పక్కకు పడి ఉన్న. నోట్ల మన్ను ఉన్నది. ఎవరో ముసలాయన నీళ్లు చల్లుతుండు. ఆయన పెదవులు చూస్తున్న గని ఒక్క మాట గూడ సదువరాలే. అది అన్నిటికన్న భయమైంది. అదొక్కటే నాకున్నది గద.

ఇంటికొచ్చి ముందుగాల ఫకీర్ దుకాణానికి పోయిన. ఏం అనాల్నో తెల్వక నిలబడ్డ. వాడు స్టూలు జరిపి, కూసో అన్నడు. పెదవులు బాగ ఆడించి అన్నడు. వాడు ఎప్పుడు గట్లనే మాట్లాడుతడు, ఎప్పటికెల్లో.

వస్త. వనపర్తి బస్టాండ్ల ఉండు.

నీ అన్న


హైదరాబాద్, దవాఖాన,
నవంబర్ ఆఖరు.

సరితా,

నువ్వు అత్తమ్మ కాడ ఉండబట్టి నేను ఇక్కడ నిలబడ్డ. ఫోన్ల చెప్తే ఏడుస్త, అత్తమ్మ ఇంటది. అందుకే రేపు ఫకీర్ అన్న ఊరికి వచ్చేటప్పుడు ఆయన చేతికి ఇచ్చి పంపుత.

నువ్వు పోయినంక పెద్ద డాక్టర్ పిలిచి ఫొటో చూపిచ్చిండు. కుడి చెవి పైన లోపల గడ్డ. రేగ్గాయంత ఉన్నది. ఏండ్లసంది మెల్లగ పెరిగిందట. మంచి గడ్డనా చెడ్డ గడ్డనా అంటే, తీసి చూస్తెనే తెలుస్తది అన్నడు. తీస్తే ఏమన్న అయితదా అంటే, కావొచ్చు అన్నడు. తీయకుంటే అంటే, పెరుగుతది అన్నడు. ఆ రెండు మాటల నడుమ నన్ను సంతకం పెట్టమన్నరు.

ఈ పొద్దు తీసుకపోయిండ్రు. మీ అన్న దేనికి భయపడ్డడో నువ్వు ఊహించలేవు. కత్తికి కాదు. లోపల అందరు మూతికి గుడ్డలు కట్టుకున్నరు. ఒక్కరి పెదవులు గూడ కనబడవు. ఏమంటున్నరో తెల్వదు, ఎవరు నవ్వుతున్నరో తెల్వదు. తలుపు కాడ నా చెయ్యి ఇడుస్తలేడు. నన్ను లోపలికి పోనియ్యరు. ఉత్త కండ్లు గీతా, ఉత్త కండ్లు, అంటుండు.

అప్పుడు అయిజ పిలగాడు యేసుబాబు అని, లోపల నర్సు. మన మాట ఇని దగ్గరికొచ్చిండు. సంగతి తెలుసుకొని మూతి గుడ్డ కిందికి గుంజి, అన్నా, నేను నీ తలాపున నిలబడ్త, మత్తు ఎక్కిందాక నీ అరచేతుల రాస్కుంట ఉంట అన్నడు. మీ అన్న ఆయన పెదవులు చూసి నా చెయ్యి ఇడిసిండు.

తలుపు మూసుకున్నది. ఇప్పుడు గూడ మూసే ఉన్నది. పొద్దు గుంకుతున్నది. ఫకీర్ అన్న కింద మసీదుకు పోయి వచ్చిండు. తలుపు కదిలినప్పుడల్ల ఇద్దరం లేసి నిలబడ్తున్నం.

గీత


వనపర్తి,
డిసెంబర్.

వదినా,

అన్నకు ఈ ఉత్తరం చూపించు, లేకుంటే ఎదురుంగ కూసొని మెల్లగ చెప్పు. గడ్డ చెడ్డది కాదని తెలిసిన కబురు ఫకీర్ అన్న నాకు మేళా గేటు కాడ చెప్పిండు. అక్కడనే మెట్ల మీద కూలబడ్డ. ఎవరో పోరి నీళ్లిచ్చింది.

బండి ఆడింది. నేను పట్టాల కాడ, ఫకీర్ అన్న సెల్లుతోని. నంబర్లు తప్పు కొట్టి నీలం దీపం బదులు ఎర్ర దీపం ఎలిగిచ్చిండు, జనం దానికి గూడ చప్పట్లు కొట్టిండ్రు. వంట బోగీల నూనె పోసిన. పొగ లేసింది వదినా. పోరగాళ్లు మళ్ల మళ్ల అని అరుస్తుండ్రు. ఒక్కసారే చూపిచ్చి బంద్ చేసిన.

బోర్డు మీద అన్న పేరు పెద్దగ రాపిచ్చిన.

సరిత


గద్వాల,
ఫిబ్రవరి.

చెల్లె సరితకు,

అక్షరాలు వంకర పోతున్నయి, మన్నించు. చేతులల్ల ఇంక పూర బలం రాలే. కుట్ల కాడ ఎంటికలు లేస్తున్నయి, అమ్మ చెయ్యి పెట్టి చూసుకుంట, నువ్వు పుట్టినప్పుడు గిట్లనే ఉండె అంటది.

అందరు బాగైనవ్ అంటరు. బాగైన. గోలీలు పొద్దుమాపు ఏస్కుంటున్న. ఆపేదాక ఏస్కోవాలె, ఎప్పుడు ఆపుతరో చెప్పలే. మళ్ల వస్తదా అని డాక్టర్‌ను అడిగిన. ఆయన మంచోడు, నా ఎదురుంగ వంగి, ఇప్పటికైతే లేదు అన్నడు. ఇప్పటికైతే అన్న మాట పెదవుల మీద ఎట్లుంటదో నేను మరిచిపోతలేను.

నీకు తప్ప ఎవరికి చెప్పలే. దినాం పొద్దున లేవంగనే ముక్కు ఎగబీల్చి చూస్త. ఏమన్న వస్తుందా అని. అగర్బత్తి వాసన వచ్చినా గుండె ఆగుతది. బీడీ తాగేటోడు పక్కకెల్లి పోతే గోడ పట్టుకుంట. నిజమా, లోపలిదా? చెప్పేటోడు ఎవరు?

నిన్న ఆదివారం. గీత వాకిట్ల బట్టలు ఆరేస్తుంది. నేను మంచం మీద కూసొని పాత గోడగడియారం ఇప్పుతున్న. వచ్చింది. కాలిన వాసన. సన్నగ మొదలై గట్టిగైంది. చేతిల స్క్రూ డ్రైవర్ పడిపోయింది. అయిపోయింది అనుకున్న. మళ్ల గడ్డ, మళ్ల ఆ తలుపు, మళ్ల ఆ ఉత్త కండ్లు. మంచం పట్టె రెండు చేతులతోని పట్టుకొని, కడుపులకెల్లి ఎప్పుడు లేస్తదా అని కండ్లు మూసుకున్న. గీతను పిలువబుద్ధి కాలే. ఆమె మొహం మళ్ల గట్ల చూడలేను.

ఎవరో నన్ను దాటుకొని ఉరికినట్టు మంచం అదిరింది. కండ్లు తెరిచిన. గీత వంటింట్లకు ఉరుకుతుంది. గిన్నె పట్టుకారుతోని దించి, కొంగు మూతికి అడ్డం పెట్టుకొని నా దిక్కు తిరిగింది. కొంగు తీసి అన్నది, పెదవులు మంచిగ కనబడినయి.

"పప్పు మాడింది! ఇల్లంత పొగ. నీకు వాసన వస్తలేదా?"

నేను మంచం పట్టె ఇడువలే. ఆమె భయపడి దగ్గరికొచ్చి నా మొహం రెండు చేతులతోని పట్టుకున్నది.

"ఏమైంది? వాసన వస్తుందా, లేదా?"

"నీకు వస్తుందా?" అన్న.

"నాకెందుకు రాదు? బజారంతా వస్తుంది."

"నాకు గూడ వస్తుంది గీతా," అన్న. "నాకు గూడ వస్తుంది."

ఆమె అక్కడనే కింద కూసున్నది. అమ్మ అవతలి గదిలకెల్లి, ఏందే ఆ మాడు వాసన, అని తిట్టుకుంట వచ్చింది.

నీ అన్న,
భాస్కర్